ఒకరి డబ్బాలో ఇంకొకరి దగ్గు

మా తమ్ముళ్ళిద్దరిదీ ఒకటే కటింగ్ షాపు. రెండు కుర్చీలు, గోడ పొడవునా ఒక అద్దం, మూలన ఎప్పుడూ గరగరలాడే రేడియో. ఇద్దరూ కవలలు. ముందు పుట్టినవాడు పెద్దోడు, వాడి వెనకాలే వచ్చినవాడు చిన్నోడు. యాభై దాటి జుట్టు నెరిసినా వీధి మొత్తానికి అవే పేర్లు. కొత్తగా వచ్చినవాళ్ళు గడ్డం గీయించుకోవడానికి కూర్చుని కళ్ళు మూసుకుంటే, సబ్బు పెద్దోడు రాస్తాడు, కత్తి చిన్నోడు పెడతాడు. కళ్ళు తెరిచాక ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియక, పాపం, అద్దానికి చెప్పి పోతుంటారు.

నేను వాళ్ళ అక్కని. బస్టాండులో టికెట్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను. నా గొంతు వినిపిస్తే క్యూ దానంతటదే సర్దుకునేదని అంటారు. నిజమే, నాకు ముక్కు మీదే కోపం. ఈ ఇద్దరితో కలిసి పెరిగి ఉంటే మీకూ అక్కడే ఉండేది.

ఇప్పుడు చెప్పబోయేది పెద్దోడి సంగతి. వాడు తనకోసం ఏం చేసుకున్నాడని ఎవరైనా అడిగితే నేను నీళ్ళు నమలాల్సిందే. చేసిందంతా చిన్నోడి బదులే. బళ్ళో సూదులు వేసేవాళ్ళు వస్తే చిన్నోడు బెంచీ కింద దూరేవాడు. పెద్దోడు కుడిచేతికి ఒకటి వేయించుకుని, వరుస చివరికి పరిగెత్తి, చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చి ఎడమచేతికి ఇంకోటి వేయించుకునేవాడు. రెండు చేతులూ వాచిపోతే తినిపించింది నేను. లెక్కల మాస్టారి దెబ్బలు ఇద్దరివీ వాడే తిన్నాడు. చొక్కా, సైకిలు, దువ్వెన, ఆఖరికి జ్వరం కూడా ‘మాది’ అంటాడు తప్ప ‘నాది’ అనడం వాడికి రాదు.

చిన్నోడికి సంబంధం కుదిరేటప్పుడు కూడా ఇదే తంతు. అమ్మాయిని కలిసి కాఫీ తాగి రావాలి, అంతే. చిన్నోడికి చెమటలు పట్టేశాయి. పెద్దోడు వాడి చొక్కా వేసుకుని వెళ్ళి, కబుర్లు చెప్పి, ఆ అమ్మాయిని కడుపుబ్బ నవ్వించి వచ్చాడు. రెండోసారి చిన్నోడు వెళ్ళక తప్పలేదు. ఆ పిల్ల వాణ్ణి ఎగాదిగా చూసి, “మొన్న వచ్చింది మీరు కాదు. ఆయనకి నోరుంది. అంత నోటితో వేగడం నా వల్ల కాదు, నాకు మీరే కావాలి,” అంది. అలా మా మరదలు ఇంటికొచ్చింది. పెద్దోడు పెళ్ళే చేసుకోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే కత్తెర గట్టిగా ఆడిస్తాడు, మాట వినిపించదు.

ఇంకొక్క సంగతి చెప్పేస్తే అసలు కథలోకి వెళ్ళొచ్చు. ఒకసారి ఇద్దరూ రక్తదానానికి వెళ్ళారు. అక్కడి డాక్టరు వీళ్ళని చూసి ముచ్చటపడి, “మీరు ఒకే అచ్చు కవలలు. మీ జన్యువులన్నీ ఒకటే,” అన్నాడు. పెద్దోడికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ వినిపించాడు. తల వంచి కూర్చున్నవాడు పారిపోలేడు కదా.

చిన్నోడికి దగ్గు మొదలైంది. ఒళ్ళు తగ్గిపోయింది, సాయంత్రమయ్యేసరికి వెచ్చబడేవాడు. ఆసుపత్రిలో టీబీ అని చెప్పి మాత్రలిచ్చారు. రోజూ గుప్పెడు. వేసుకోగానే వాడికి కడుపులో తిప్పేది, గోడ పట్టుకుని కూర్చునేవాడు. పెద్దోడు వాడి వీపు రాస్తూ పక్కనే ఉండేవాడు. రెండు నెలలైనా దగ్గు తగ్గలేదు. డాక్టరు గారు నొసలు చిట్లించారు.

“మందు సరిగ్గా వేసుకుంటున్నారా?”

“వేసుకుంటున్నాడు సార్, నేనే దగ్గరుండి వేయిస్తున్నా,” అన్నాడు పెద్దోడు. అంటూనే వాడూ దగ్గాడు. వాడి దగ్గుని మేమెవరం దగ్గుగా లెక్కపెట్టేవాళ్ళం కాదు. సిగరెట్టూ పౌడరూ వెంట్రుకలూ కలిసి చేసే చప్పుడు అనుకునేవాళ్ళం.

“అయితే మామూలు మందులకి లొంగని మొండి టీబీ ఏమో చూడాలి. జన్యు పరీక్ష చేయిద్దాం. ఇదివరకైతే వారాలు పట్టేది, ఇప్పుడు మిషన్‌లో పెడితే పూట తిరక్కుండా తెలిసిపోతుంది,” అని మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. “పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గుండెల్లోంచి దగ్గి కళ్లె తీసి ఇందులో పట్టండి. ఉమ్మి వద్దు. ఉమ్మిలో ఏమీ దొరకదు.”

మరునాడు పొద్దున మా పెరట్లో జరిగిన తమాషా చూడాలి. చిన్నోడు మధ్యలో డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ మేం ముగ్గురం. పెద్దోడు నడుం మీద చేతులు పెట్టుకుని, “ఇదిగో ఇలా, పొట్టలోంచి లాగాలిరా,” అని దగ్గి చూపించాడు. పక్కింటి కుక్క మొరిగింది. చిన్నోడు ఖుక్ మన్నాడు. “అది దగ్గా? పిల్లి తుమ్మినట్టుంది,” అన్నాన్నేను. మరదలికి ఒళ్ళు మండింది.

“అలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎవరికొస్తుంది వదినా? ఆయన్ని వదిలేయండి కాసేపు.”

వదిలేశాం. మూత బిగించి తెచ్చిచ్చాడు. లోపల నాలుగు బుడగలు, అడుగున తడి. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మొండి రకమైతే ఏం చేయాలి, పెళ్ళాం ఏమైపోతుంది అని రాత్రంతా నిద్రపోలేదట. పెద్దోడు వాడి చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు.

“నువ్వెళ్ళి పడుకో. నేనిచ్చొస్తా.”

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. క్రిమి ఉంది. అసలు పనిచేయాల్సిన మందుకే లొంగని రకం. ల్యాబు మేడమ్ కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, “శాంపిల్ మాత్రం చాలా బాగుంది. ఇంత మంచిది ఎవరూ తేరు,” అంది. మంచి శాంపిల్ నెత్తిన పెట్టుకుని ఏం చేసుకోవాలి? మరదలు అక్కడే బల్ల మీద కూలబడిపోయింది. అందరికంటే పెద్దోడు అన్యాయంగా అయిపోయాడు. డాక్టరు గారి గది గుమ్మం పట్టుకుని, “సార్, ఆ కొత్త మాత్రలు నేను కూడా వేసుకోవచ్చా?” అని అడిగాడు. ఆయన బాధలో అంటున్నాడనుకుని భుజం తట్టి పంపేశారు.

కొత్త మందులు మొదలుపెట్టే ముందు, వాటిలో ఏవి పనిచేస్తాయో చూడ్డానికి ఇంకో డబ్బా కావాలన్నారు. ఈసారి ఇంటి దగ్గర కుదరదు, ఆసుపత్రి వెనక గాలాడే షెడ్డులో మేడమ్ ఎదురుగానే దగ్గాలి. మేడమ్ చిన్నోణ్ణి కూర్చోబెట్టి, “తొందరేం లేదు. గాలి నిండా పీల్చండి, కాస్త ఆపండి, వదలండి. మళ్ళీ. ఇప్పుడు దగ్గండి,” అని, మాట్లాడిస్తూ మాట్లాడిస్తూ మొత్తానికి సాధించింది. మేం పెరట్లో అంత గోల చేసినా రానిది ఆవిడ మెత్తని గొంతుకి వచ్చింది. నాకు కొంచెం కడుపుమండిందని ఒప్పుకుంటాను.

ఆ డబ్బాకి మళ్ళీ మొదటి పరీక్ష నుంచే చేశారు. వచ్చిన ఫలితం పూర్తిగా అడ్డం తిరిగింది. క్రిమి ఉంది, కానీ మామూలు మందుకే లొంగుతుంది. ఏ తేడా లేదు.

డాక్టరు గారు మమ్మల్ని గదిలోకి పిలిచి మేడమ్ మీద మండిపడ్డారు. “ఒక మనిషికి ఒకసారి మొండి రకం, ఇంకోసారి మామూలు రకం ఎలా వస్తుంది? ఎవరి డబ్బాకో వీళ్ళ లేబుల్ అతికించి ఉంటారు. అక్కడ ఇంకెవరో మొండి రోగంతో తిరుగుతూ ఉంటారు, తెలుసా మీకు?”

“లేబుల్ నా చేత్తో రాసి అతికించాను సార్. పొరపాటు జరగలేదు,” అంది ఆవిడ. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఇంట్లో ఇన్నాళ్ళు పొయ్యి వెలగలేదు, ఈవిడ చీటీ తారుమారు చేసిందా! కౌంటర్ గొంతు తీసి నాలుగు దులపబోతుంటే వెనక నుంచి దగ్గు వినిపించింది.

“మేడమ్‌ని ఏమీ అనకండి సార్. మొదటి డబ్బా నింపింది నేనే,” అన్నాడు పెద్దోడు.

అందరం గిర్రున వెనక్కి తిరిగాం.

“దార్లో మూత తీసి చూశా సార్. వట్టి ఉమ్మి. అది తీసుకెళ్తే మళ్ళీ రమ్మంటారు, మళ్ళీ వీడు హడలిచస్తాడు. అందుకని అది పారబోసి, కుళాయి దగ్గర కడిగి, నేను దగ్గి పట్టా. మోసమేం కాదు సార్. మీరేగా జన్యు పరీక్ష అన్నారు? మా ఇద్దరి జన్యువులూ ఒకటే. కావాలంటే రక్తదానం డాక్టర్ని అడగండి.” పైగా వాడి మొహంలో కాస్త గర్వం కూడా ఉంది.

డాక్టరు గారు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. చివరికి మేడమే కళ్ళు తుడుచుకుని చెప్పింది.

“మిషన్ చూసేది మీ జన్యువులు కాదన్నా. మీ ఊపిరితిత్తుల్లో ఉన్న క్రిమి జన్యువులు. దానిలో ఒకచోట మార్పు వస్తే మందు దాన్ని ఏమీ చేయలేదు. ఆ మార్పు ఉందా లేదా అని చూస్తుంది, అంతే. మీరిద్దరూ కవలలైతే దానికేంటి?”

పెద్దోడి మొహం చేటంత అయింది.

“అంటే, చిన్నోడికి మొండి రకం లేనట్టేనా?”

“లేదు.”

“హమ్మయ్య! బతికించారు మేడమ్.” రెండు చేతులూ జోడించి, చాలా రోజుల తర్వాత హాయిగా నవ్వాడు.

మేమెవరం నవ్వలేదు. మొదట చిన్నోడికి అర్థమైంది. ఎక్కువ మాటలు రానివాడు కదా, ముందు పెద్దోడి చెయ్యి పట్టుకున్నాడు. “ఒరేయ్. ఆ డబ్బాలోది నీదిరా.”

“నాకైతే ఏంట్రా? నీకు లేదుగా.”

అప్పుడు వాడి వీపు మీద నేనొకటి వేశాను. డాక్టరు గారి ముందే. ఆ తర్వాత, దెబ్బ వేసిన చోటే చెయ్యి ఉంచేశాను. చొక్కా కింద ఎముకలు తగిలాయి. వీడు ఎప్పుడు ఇంత చిక్కిపోయాడు? మేమందరం చిన్నోడి మొహం చూస్తూ కూర్చుంటే, అదే మొహం పక్కనే కరిగిపోతుంటే ఒక్కరం చూడలేదు.

ఇంకేదో ఉందని నాకు అనుమానం వచ్చింది. వీళ్ళని పెంచినదాన్ని. “ఇంకా ఏమేం పంచుకున్నార్రా?” అని అడిగాను. ఇద్దరూ ఒకేసారి నేల చూపులు చూశారు.

“మాత్రలు,” అన్నాడు చిన్నోడు.

“వాడికి కడుపులో తిప్పుతోందక్కా,” అన్నాడు పెద్దోడు. “గుప్పెడు మాత్రలు ఒక్కడు ఎలా మింగుతాడు? సగం వాడు, సగం నేను. రోగం త్వరగా పోతుందనుకున్నాం.”

డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి తల పట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. సగం మందుతో క్రిమి చావదు, బతికి రాటుదేలుతుంది. చిన్నోడి దగ్గు తగ్గకపోవడానికి కారణం అదే. పెద్దోడికి టీబీ అప్పటికే అంటుకుని ఉండొచ్చు, సగం మందు తిని అది మొండికెత్తి ఉండొచ్చు. లేదా ఆ మొండిది బయటి నుంచే వచ్చి ఉండొచ్చు. ఎలా వచ్చిందో ఇప్పుడు తేల్చలేం, కానీ ఉందా లేదా అన్నది మళ్ళీ చూడాలి. ఆ రోజే పెద్దోణ్ణి షెడ్డులో కూర్చోబెట్టి దగ్గించారు. మొదటి డబ్బాలో కనిపించిన మొండి రకమే మళ్ళీ వచ్చింది.

ఇక మా ఇంట్లో నా రాజ్యం మొదలైంది. ఇద్దరికీ రెండు పళ్ళాలు, రెండు రకాల మాత్రలు. చిన్నోడికి పాతవే, ఈసారి పూర్తిగా. పెద్దోడికి కొత్తవి. “ఒక్కొక్కళ్ళే రండి! తోసుకోవద్దు! నోరు తెరువు. నాలుక పైకెత్తు. ఊఁ, పద.” చిన్నోడు రోజూ పెద్దోడి పళ్ళెం వైపు దొంగచూపులు చూసేవాడు. “ఒక్క పూట నేను వేసుకుంటానక్కా, వాడు చూడు ఎలా అయిపోతున్నాడో,” అనేవాడు. “ఒక టికెట్టు మీద ఇద్దరు ఎక్కడానికి వీల్లేదు,” అని కసిరేదాన్ని.

షాపు మూతపడింది. వీధిలో మగవాళ్ళందరూ గుబురుగా తయారయ్యారు. పోస్టాయన నెత్తి మీద టోపీ కూర్చోవడం మానేసింది. పక్క వీధి షాపుకి వెళ్ళొచ్చు కదా అంటే, “అక్కడ ఒక్కడే ఉంటాడండీ, మజా ఉండదు,” అన్నారు. మమ్మల్నీ, షాపుకి ఎప్పుడూ వచ్చేవాళ్ళందర్నీ ఆసుపత్రికి పిలిచి పరీక్షలు చేశారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ లేదు.

చిన్నోడు త్వరగానే కోలుకున్నాడు. బుగ్గలు వచ్చాయి. పెద్దోడి మందులు గట్టివి. కాళ్ళు తిమ్మిర్లెక్కేవి, నోటికి ఏదీ రుచించేది కాదు. అయినా జోకులు వేస్తూనే ఉండేవాడు, కాకపోతే నవ్వడానికి ఓపిక లేక జోకు చెప్పి మా నవ్వు వింటూ పడుకునేవాడు. ఒకనాటి పొద్దున మాత్రల పళ్ళెం పక్కకి జరిపేశాడు.

“చాల్లే అక్కా. చిన్నోడికి తగ్గిపోయింది కదా. ఇంకా నేను ఎందుకు వేసుకోవడం?”

చమత్కారానికి అంటున్నాడేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. “నీ కోసంరా” అని చెప్పాలి. ఆ మాట ఇన్నేళ్ళలో వాడికి ఎవరం చెప్పామని, ఇప్పుడు చెబితే అర్థం కావడానికి? నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

గుమ్మంలో ఉన్న చిన్నోడు వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వాడు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

“నా సూదులు నువ్వు పొడిపించుకున్నావు. నా దెబ్బలు నువ్వు తిన్నావు. నీ బదులు నేను ఏదైనా చేద్దామంటే అక్క ఒక్క మాత్ర కూడా మింగనివ్వట్లేదు. నీ బదులు నేను బతకలేనురా పెద్దోడా. అది నువ్వే చెయ్యాలి. నువ్వు లేకపోతే ఆ రెండో కుర్చీ నేనేం చేసుకోను?”

పెద్దోడు పళ్ళెం దగ్గరికి లాక్కుని ఒక్కో మాత్రా మింగాడు. చివర్లో నా వైపు తిరిగి, నేను అడక్కముందే నాలుక పైకెత్తి చూపించాడు.

నేను ఆలోచిస్తుంటాను. వాడు తన రోగం కోసం ఎన్నడూ ఆసుపత్రి మెట్లెక్కలేదు. దగ్గు వచ్చినా, ఒళ్ళు కాలినా, తనకోసం ఒక డబ్బా అడిగేవాడు కాదు. తమ్ముడి డబ్బాలో దగ్గకపోయి ఉంటే, మొండి రోగం వాడి గుండెల్లోనే ఉండి ఉండేది, అది సిగరెట్టు దగ్గని మేమందరం నమ్ముతూనే ఉండేవాళ్ళం. చేసింది వెధవ పనే. తిట్టడానికి నోరు తెరుస్తాను, ఈ సంగతి గుర్తొచ్చి మూసుకుంటాను.

మందులు పూర్తయ్యాక ఆఖరి పరీక్షకి అందరం వెళ్ళాం. మేడమ్ కొత్త డబ్బా తీసి, లేబుల్ మీద రాసి అతికించి, పెద్దోడి చేతిలో పెట్టింది. “ఈసారి కడిగి ఇంకెవరికీ ఇవ్వకండి,” అంది నవ్వుతూ.

షెడ్డులో కూర్చుని పెద్దోడు గాలి పీల్చాడు, ఆపాడు, వదిలాడు, దగ్గాడు. ఏమీ రాలేదు. మళ్ళీ దగ్గాడు. వట్టి గాలి. ఒకప్పుడు కుక్కల్ని లేపిన ఛాతీలో ఇప్పుడు తీయడానికేమీ మిగల్లేదు. మళ్ళీ ప్రయత్నించి మొహం ఎర్రబడింది. పక్కనే నిలబడ్డ చిన్నోడు, అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి డబ్బా వైపు చాచాడు.

పెద్దోడు చటుక్కున డబ్బాని గుండెలకి అదుముకుని పక్కకి తిరిగాడు.

“పోరా,” అన్నాడు. “ఇది నాది.”